గోదావరి డెల్టాలో కౌలు కార్డు ఎందుకు చేతికి రాదు?

"ప్రభుత్వం కార్డు ఇస్తానంటోంది కదా, వెళ్ళి తీసుకోవచ్చుగా?" కౌలు రైతుల సంగతి ఎత్తగానే, ఊరు వదిలి పట్నాల్లో స్థిరపడ్డ మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేం లేదు. అప్పుకూ బీమాకూ నష్టపరిహారానికీ కౌలుదారును గుర్తిస్తూ కార్డు ఇవ్వడానికి చట్టం ఉంది, అర్జీ పెట్టుకోవడానికి ఊళ్ళోనే సచివాలయం ఉంది. అయినా రాజోలు వెళ్ళినా, ఆచంట వెళ్ళినా, రామచంద్రపురం వెళ్ళినా, చేలో దిగి పండించేవాళ్ళలో చాలామంది దగ్గర ఆ కార్డు కనపడదు.

ఇదేదో నలుగురైదుగురి సమస్య అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. 2018-19 పంటకాలానికి జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం దేశం మొత్తమ్మీద కౌలు కమతాలు 17.3 శాతం ఉంటే, పెద్ద రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం దాటి ఉన్నాయి. కాలువ కింద రెండు పంటలు పండే డెల్టా ఊళ్ళలో కౌలు ఇంకా ఎక్కువని ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. అంటే గోదావరి జిల్లాల బియ్యం తిన్నప్పుడల్లా మనం తింటున్నది చాలావరకు రికార్డుల్లో పేరు లేని మనుషులు పండించిన అన్నం.

ఎందుకిలా ఉందంటే కారణాలు పది చెబుతారు: అధికారుల అలసత్వం, బ్యాంకుల మొండితనం, రైతులకు అవగాహన లేకపోవడం. అన్నిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ నా ఉద్దేశంలో అసలు ముడి ఒక్కచోటే పడింది. ఫలానా మనిషి ఈ చేను చేస్తున్నాడని చెప్పడానికి కళ్ళెదుట పంట కనిపిస్తున్నా అది చాలదు, యజమాని సంతకం కావాలి. సాక్ష్యం చేలోంచి ఆసామి కలంలోకి ఎలా వెళ్ళిందో చెప్పాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

శిస్తు కట్టినవాడే రైతు

1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చాక ఉత్తర సర్కారుల్లో, అంటే నేటి కోస్తా జిల్లాల్లో, భూమి జమీందార్ల పేరన పడింది. ఈస్టిండియా కంపెనీకి కావలసింది శిస్తు కట్టే పేరు ఒక్కటే, దాని కింద దున్నేవాడెవడన్నది దానికి అనవసరం. పిఠాపురం లాంటి జమీందారీలు నిలదొక్కుకున్నాయి కానీ, బకాయిలు పెరిగి చాలా ఎస్టేట్లు వేలానికొచ్చాయి. కొన్నిటిని కంపెనీయే తీసుకుని నేరుగా రైతుల దగ్గర శిస్తు వసూలు చేసుకుంది. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లా మీద విచారణ జరిపేనాటికి కరువులతో, శిస్తు భారంతో జిల్లా చితికిపోయి ఉంది. ఆ తర్వాతే ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది.

ఆనకట్ట గురించి మనం ఎంతైనా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అది తెచ్చిన ఇంకో మార్పు గురించి తక్కువ మాట్లాడతాం. నీళ్ళకు భరోసా వచ్చాక, పొలం ఉన్న మనిషి తాను మడిలో దిగకుండానే దాని మీద బతికే వీలు కలిగింది. ఎకరాకి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకునే మక్తా కౌలు, దిగుబడి మీద నమ్మకం ఉన్నచోటే కుదురుతుంది. మెట్టలో వాన పడితేనే పంట కాబట్టి భాగానికి చేస్తారు. కాలువ కింద మాత్రం పంట వచ్చినా రాకపోయినా బస్తాలు కొలవాల్సిందే.

1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ రైతుకు సాగు హక్కు ఇచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం జమీందార్లనే తీసేసి ఆ భూముల్ని రైత్వారీలోకి, అంటే పట్టా ఉన్న రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలోకి, మార్చింది. రెండూ గొప్ప చట్టాలే. అయితే అవి తొలగించింది సర్కారుకూ పట్టా రైతుకూ మధ్యనున్న వాణ్ణి. పట్టా రైతు దగ్గర మళ్ళీ కౌలుకి తీసుకున్న మనిషిని ఆ చట్టాలు చూడలేదు. డెల్టాలో రైత్వారీ ఎక్కువ కాబట్టి ఇక్కడ అలాంటివాళ్ళే ఎక్కువ.

వాళ్ళ కోసం ప్రత్యేకంగా వచ్చింది 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం. 1974 సవరణ దాన్ని ఇంకా గట్టిపరిచింది. కౌలుకి కనీసం ఆరేళ్ళ గడువుండాలి. కౌలు ఇంతకు మించకూడదని పరిమితి ఉంది. ఆసామి తన ఇష్టానికి లేపేయడానికి లేదు, ప్రత్యేకాధికారి దగ్గర కారణం చూపించాలి. భూమి అమ్మదలిస్తే ముందు కౌలుదారుకే చెప్పాలి. ఇవన్నీ చదివితే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

జరిగింది వేరు. అంతకు ముందే తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చాయన్న కబురు ఇక్కడి భూస్వాములకు చేరింది. ఆపైన 1973లో భూపరిమితి చట్టం వచ్చింది, 1975 నుంచి అమలైంది. వరసగా వచ్చిన వీటిని చూసి డెల్టా ఆసాములు ఒక నిర్ణయానికొచ్చేశారు: కాగితం రాస్తే భూమి పోతుంది. అప్పట్నుంచి కౌళ్ళన్నీ నోటిమాట మీదికి మారాయి. ఒకే మనిషి చేతిలో చేను ఎక్కువ కాలం ఉంచకూడదని రెండు మూడేళ్ళకోసారి కౌలుదార్లను మార్చడం మొదలైంది. హక్కులు ఎక్కువగా ఇచ్చిన చట్టమే కౌలుదారు పేరు కాగితాల్లో లేకుండా పోవడానికి దారితీసింది. చట్టం చేసినవాళ్ళు ఆసామి ఎలా తప్పుకుంటాడో ఊహించలేదు. ఊహించినా, పేరు నమోదు చేసే బాధ్యత రెవెన్యూ శాఖ నెత్తిన పెట్టలేదు.

నిజానికి పేరు రాయడానికి చోటు లేక కాదు. ఊళ్ళో ఏ చేను ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్ తీసి చూడండి. పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు పక్కనే ఇంకో గడి ఉంటాయి. ఆ రెండో గడి ఉన్నదే చేలో ఎవరున్నారో రాయడానికి. డెల్టా ఊళ్ళ అడంగళ్ళలో ఆ రెండు గళ్ళలోనూ ఒకే పేరు వరసగా కనిపిస్తుంది, పక్కన స్వంత సాగు అని ఉంటుంది. ఆ ఆసామి హైదరాబాదులో ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు, చనిపోయి పదేళ్ళు అయి ఉండొచ్చు కూడా. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి సంఘాల్లో భూమి కలిగినవారంటే హక్కుల రికార్డులో నమోదైన యజమానితో పాటు నమోదైన కౌలుదారు కూడా అని నిర్వచించింది. నమోదైన అన్న ఒక్క షరతుతో ఆ హక్కు కూడా కౌలుదారుకు అందకుండా పోయింది. బోదె తవ్వుకునేది అతను, రాత్రి పూట వంతు నీళ్ళకు కాపలా కాసేది అతను. సంఘంలో ఓటు మాత్రం ఊళ్ళో లేని మనిషికి.

2011 నుంచి 2019 దాకా

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కాలువల్లో నీళ్ళుండగా వేలాది ఎకరాల్లో ఊడ్పులు మానేశారు. నీళ్ళ కోసం కొట్టుకునే దేశంలో నీళ్ళు పెట్టుకుని చేను బీడు పెట్టడం ఏమిటని అందరూ నివ్వెరపోయారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోవడం, గిడ్డంగులు నిండిపోయి ధాన్యం అమ్ముడుపోకపోవడం, గిట్టుబాటు లేకపోవడం, కూలీల కొరత, వీటితో పాటు కౌలు భారం కూడా అప్పుడు చర్చకొచ్చింది.

ఆ ఏడాదే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ వాళ్ళు గ్రామసభలో విచారించి కార్డు ఇచ్చే వీలు అందులో ఉంది. భూమి మీద హక్కేమీ రాదు, అప్పుకూ బీమాకూ నష్టపరిహారానికీ గుర్తింపు మాత్రమే. నా దృష్టిలో ఇది సరైన ఆలోచన. నీరసపడిపోయింది అమలులో. కార్డులిచ్చారు కానీ, కార్డున్నవాళ్ళలో బ్యాంకు అప్పు అందింది కొద్దిమందికే.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి 1956 చట్టాన్నీ 2011 చట్టాన్నీ రద్దు చేసింది. ఇందులో ఆసామికి ధైర్యం చెప్పడానికి చాలా జాగ్రత్తలు పెట్టారు. హక్కు పంట మీదే, భూమి మీద కాదని స్పష్టంగా రాశారు. గడువు 11 నెలలు. ఏడాదికి మించిన కౌలు పత్రమైతే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. 11 నెలలైతే ఆ బాదరబందీ లేదు. పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు రాసుకునే 11 నెలల కాగితం లెక్క కూడా ఇదే.

అంతా బాగానే ఉంది. కార్డు కావాలంటే మాత్రం యజమాని, సాగుదారు ఇద్దరూ సంతకాలు చేసిన ఒప్పందం తప్పనిసరి చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆసామి భయం పోగొట్టడానికి చేసిన చట్టం, ఆ భయం పోయేదాకా ఒక్క అడుగూ ముందుకు పడకుండా తనను తానే కట్టేసుకుంది.

ఊళ్ళో ఆ సంతకం అడగడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మే నెలలో ఆసామి మామిడికాయల కోసం ఊరొస్తాడు. కౌలుదారు వెళ్ళి అరుగు దగ్గర నిలబడి, "ఒక్క సంతకం పెడితే కార్డొస్తాదంటండి, ఎరువులకీ దానికీ బాగుంటాది" అంటాడు. "మన మధ్య కాగితాలేంట్రా, నీ మీద నమ్మకం లేకా ఇచ్చింది? కావాలంటే ఈ ఏడు బస్తా తగ్గించివ్వు" అంటాడు ఆసామి. ఆ తర్వాత మళ్ళీ అడగడం ఉండదు. చేను వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తాడని ఇద్దరికీ తెలుసు. ఆ బస్తా తగ్గింపుకి సంబరపడి తిరిగొచ్చిన కౌలుదార్లను నేను చూశాను.

ఆసామి భయం నిజమేనా?

ఇక్కడ ఆసామిని దుర్మార్గుడిగా చూపిస్తే పని సులువవుతుంది కానీ అది అన్యాయం. డెల్టాలో ఇప్పుడు కౌలుకిచ్చేవాళ్ళంతా పెద్ద భూస్వాములు కారు. భర్త పోయాక ఎకరం చేను మీద వచ్చే బస్తాలతో నెట్టుకొస్తున్న ఆవిడ ఉంటుంది. పిల్లల చదువులకు వైజాగ్ వెళ్ళిపోయిన చిన్న ఉద్యోగి ఉంటాడు. ఉన్న ఒకటిన్నర ఎకరం కౌలుకిచ్చి, పక్క ఊళ్ళో ఐదెకరాలు కౌలుకి చేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకున్న ఒక్క ఆస్తి అది. దాని మీద ఇంకొకరి పేరు పడుతుందంటే గుండె గుభేలుమనడం సహజం. 2023 అక్టోబరు చివర్లో అమల్లోకొచ్చిన భూ హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) మీద ఎంత అలజడి రేగిందో, అది 2024లో ఎలా రద్దయిందో చూశాం. భూమి పత్రం జోలికొస్తే ఈ రాష్ట్రంలో ఏ ప్రభుత్వమైనా ఒణకాల్సిందే.

అయితే ఆ భయానికి చట్టంలో ఆధారం ఎంత? రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒకటుంది: "పన్నెండేళ్ళు చేస్తే చేను వాడిదైపోద్ది." 1963 కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ళ గడువు ఉన్నమాట నిజమే. కానీ అది యజమాని హక్కును కాదని, బాహాటంగా, తనదేనని ఎదిరించి అనుభవించేవాడి సంగతి. యజమాని అనుమతితో కౌలుకి దిగినవాడికి అది వర్తించదు. పైగా 1872 సాక్ష్య చట్టం 116వ సెక్షన్ ప్రకారం, కౌలుదారుగా చేను తీసుకున్న మనిషి ఆ కౌలు నడుస్తుండగా నీకు ఆ భూమి మీద హక్కు లేదని యజమానితో అనడానికే వీల్లేదు. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ సూత్రం అలాగే కొనసాగింది.

దీన్ని బట్టి తేలేది చాలామందికి తలకిందులుగా తోస్తుంది. చేను చేజారుతుందేమోనన్న భయం ఉంటే, నోటిమాట కౌలు కంటే రాతపూర్వక కౌలే ఆసామికి రక్ష. "ఈ భూమి ఫలానా వారిది, నేను 11 నెలలకు కౌలుకి తీసుకున్నాను" అని కౌలుదారు సంతకం చేసిన కాగితం కంటే గట్టి రుజువు ఆసామికి ఇంకేం కావాలి? ఏ కాగితమూ లేకుండా ఇరవై ఏళ్ళు ఒకే కుటుంబం చేతిలో చేను ఉంటే, రేపు తగాదా వచ్చినప్పుడు అనుమతితోనే ఉన్నాడని చూపడానికి ఆసామి చేతిలో ఏమీ ఉండదు. ఈ ఒక్క ముక్కా గ్రామసభల్లో ఒక వకీలుతో చెప్పించినా సగం భయం పోతుందని నా నమ్మకం. ఆ పని ఎవరూ చేయలేదు. కార్డుల లక్ష్యాలు పెట్టి కింది ఉద్యోగుల్ని తరమడం మాత్రం చేశారు.

అయితే ఆసామికి నిజమైన నష్టం ఒకచోట ఉంది, దాన్ని దాచకూడదు. అది బ్యాంకు దగ్గర.

ఒక సర్వే నంబరు, ఒక అప్పు

మూడు లక్షల వరకు పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే మరో 3 శాతం రాయితీ, అంటే చివరికి 4 శాతమే. ఇంత చవకైన అప్పు మామూలు మనిషికి ఇంకెక్కడా దొరకదు. పాసు పుస్తకం ఉన్న ఆసామి దాన్ని తీసుకుంటాడు. చేను కౌలుకిచ్చినా సరే, ఆ పంట పెట్టుబడి పేరు మీద అప్పు తనే తీసుకుని ఇంటి అవసరాలకు వాడుకుంటాడు. అదే సర్వే నంబరు మీద అదే పంటకు రెండోసారి అప్పు బ్యాంకు ఇవ్వదు. అందుకే కార్డు చేతబట్టుకుని వెళ్ళిన కౌలుదారుకు, "ఈ నంబరు మీద ఆల్రెడీ లోను ఉందండి" అన్న జవాబు ఎదురవుతుంది. ఆసామి సంతకం పెట్టడమంటే ఆ చవక అప్పు వదులుకోవడానికి సిద్ధపడటం. ఎవరు వదులుకుంటారు?

అది కౌలుదారుకు ఎంత తేడా తెస్తుందో ఒక ఎకరం లెక్కలో చూద్దాం. అంకెలు ఊరూరికీ మారతాయి, ఇవి లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. సార్వాకి (ఖరీఫ్ పంటకు) 75 కిలోల బస్తాలు 28 పండాయనుకుందాం, కౌలు 13 పోగా మిగిలేవి 15. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,777. పూర్తి మద్దతు ధర వచ్చిందనే అనుకున్నా చేతికొచ్చేది 26,655. దుక్కి, ఊడ్పు, ఎరువులు, మందులు, కోత మిషను అన్నీ కలిపి 30,000 అయితే సార్వా మీద 3,345 నష్టం. దాళ్వాకి (రబీ పంటకు) 40 బస్తాలు పండి, కౌలు 15 పోతే మిగిలిన 25కి 44,425. ఖర్చు 33,000 అనుకుంటే 11,425 మిగులు. రెండు పంటలూ కలిపి ఏడాదికి మిగిలేది 8,080.

ఇందులో ఇంకా వడ్డీ కలపలేదు. రెండు పంటల పెట్టుబడి 63,000ని నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరేసి నెలలు తెస్తే 7,560 వడ్డీకే పోతుంది. మిగిలేది 520 రూపాయలు, ఏడాది పొడుగునా భార్యాభర్తలు చేలో చేసిన చాకిరీకి. అదే 63,000 నాలుగు శాతానికి బ్యాంకులో దొరికితే వడ్డీ 1,260, మిగులు 6,820. చేను అదే, పంట అదే, ఆ మనిషి కష్టం అదే. మారింది కార్డు ఒక్కటే.

పైగా వడ్డీకిచ్చేది చాలాసార్లు ఎరువుల కొట్టాయనో, ధాన్యం కమీషను వ్యాపారో. పంట తన దగ్గరే వేయాలన్నది అందులో చెప్పకుండానే ఉన్న షరతు. అప్పుడు మద్దతు ధర కూడా చేతికి రాదు, ఆయన కట్టిన ధరే ధర. నవంబరులో తుపానొచ్చి చేను పడిపోయి గింజ మొలకెత్తితే ఇక లెక్క వేయడం దేనికి. ఆ ఏడు కౌలు తగ్గించాలా వద్దా అన్నది ఆసామి మంచితనం మీద ఆధారపడుతుంది. తగ్గించే ఆసాములు ఉన్నారు, ఒక్క బస్తా కూడా వదలనివాళ్ళూ ఉన్నారు. దాళ్వాకి ఎంత ఆయకట్టుకు నీళ్ళివ్వాలో ఏటా సాగునీటి సలహా మండలిలో తేలుస్తారు. గోదావరిలో ప్రవాహం తగ్గి, సీలేరు నీళ్ళ మీద ఆధారపడి, వంతులు పెట్టిన ఏడు కూడా శివారు చేల కౌలు మామూలుగా ఉన్నంతే ఉంటుంది.

ఇక సాయాల సంగతి. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 ఇస్తారు, అది భూమి ఉన్న కుటుంబాలకే. 2019 అక్టోబరు నుంచి నడిచిన రైతు భరోసాలో కేంద్రం సొమ్ముతో కలిపి 13,500 ఇచ్చారు. భూమి లేని కౌలుదార్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు దాన్ని వర్తింపజేశారు. ఇతర కులాల కౌలుదార్లను వదిలేశారు. డెల్టాలో కాపులతో సహా ఆ కులాల్లో భూమి లేక కౌలుకి చేసేవాళ్ళు తక్కువేమీ కాదు. ఆ అర్హత ఉన్నవాళ్ళకు కూడా మళ్ళీ కార్డే కావాలి, అంటే మళ్ళీ ఆసామి సంతకమే. పథకం పేరు మారినా, సొమ్ము పెరిగినా, నడిచే దారి అదే.

ధాన్యం అమ్మకం దగ్గర ఇది ఎంత దూరం పోతుందో ఒక కొనుగోలు కేంద్రంలో చూశాను. తేమ 17 శాతానికి లోబడే ఉంది, గింజ బాగుంది, గోనెలు వచ్చాయి. కంప్యూటరులో ఆ సర్వే నంబరు కొడితే ఈ-పంట (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం చేసే నమోదు) ఆసామి పేరు మీద కనిపించింది. హైదరాబాదుకు ఫోను చేస్తే ఆయన మీటింగులో ఉన్నాడు. ఓటీపీ వచ్చేసరికి సాయంత్రమైంది, అంతసేపూ లారీ రోడ్డు మీదే ఆగింది. చివరికి ధాన్యం డబ్బు పడేది ఆయన ఖాతాలోనే. ఆయన కౌలు పట్టుకుని మిగతాది పంపుతాడు. పంట పండించి, కోసి, ఆరబెట్టి, తూకం వేయించిన మనిషికి తన సొమ్ము ఇంకొకరి ఖాతా మీదుగా రావాలి.

సాక్ష్యం చేలోనే ఉంది

పశ్చిమ బెంగాల్లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు భాగస్వామ్య సాగుదార్లను కార్యాలయాలకు రమ్మనలేదు. అధికారులే ఊళ్ళకు వెళ్ళి, సాయంత్రం పూట శిబిరాలు పెట్టి, అందరి ఎదుటా విచారించి పేర్లు రాసుకున్నారు. దాదాపు 14 లక్షల పేర్లు రికార్డుకెక్కాయి. అక్కడ భాగానికి సాగు, వారసత్వ హక్కు కూడా ఇచ్చారు. మన మక్తా కౌలు వేరు, మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. తీసుకోవలసింది ఆ పద్ధతి: ఎవరు చేస్తున్నారో ఊరిని అడగడం, ఆసామిని మాత్రమే కాదు.

అప్పట్లో బెంగాల్‌కు లేని సాధనం ఇప్పుడు మనకుంది. ఈ-పంట నమోదుకు గ్రామ వ్యవసాయ సహాయకుడు చేలోకి వెళ్తాడు. పంట ఫొటో తీస్తాడు, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా పడుతుంది, సాగుదారు వేలిముద్రతో ధ్రువీకరిస్తాడు. ఆ గట్టు మీద నిలబడ్డ మనిషెవరో ఆ సహాయకుడికి తెలుసు, చుట్టుపక్కల నాలుగు చేలవాళ్ళకూ తెలుసు. రికార్డులో ఎక్కాల్సింది ఆ మనిషి పేరే.

ఆసామి సంతకంతో నిమిత్తం లేకుండా కార్డులిచ్చేలా కొత్త చట్టం తెస్తామని 2024లో వచ్చిన ప్రభుత్వం చెప్పింది. మంచిదే. అయితే సంతకం తీసేస్తే సరిపోదు. ఆసామికి తెలియకుండా ఎవరో పేరెక్కించుకుంటారేమోనన్న అనుమానానికి చోటు ఉండకూడదు. గ్రామసభలో చదివిన జాబితా సచివాలయం గోడ మీద అంటించాలి, ఆసామి ఫోనుకు కబురు వెళ్ళాలి, అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజులివ్వాలి. అభ్యంతరం వస్తే చేనుగట్టు మీదే విచారించాలి. నేను కౌలుకివ్వలేదు, స్వయంగా చేస్తున్నానని ఆసామి అంటే, ఆ మాటకు రుజువు ఆయనే చూపాలి. ఈ కార్డు భూమి హక్కుకు ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదన్న మాట కార్డు మీదే, పెద్దక్షరాలతో తెలుగులో అచ్చు వేయాలి.

బ్యాంకు సంగతి తేల్చకపోతే ఇదంతా మళ్ళీ 2011 కార్డుల్లాగే అవుతుంది. పంట రుణం పంట వేసేవాడికే అని ఖాయం చేయాలి. ఈ-పంటలో పేరున్నవాడికే ఆ 4 శాతం వడ్డీ వర్తించాలి. ఆసామికి భూమి తనఖా మీద వేరే అప్పు కావాలంటే ఇవ్వొచ్చు, దాన్ని పంట రుణం అనకుండా ఇవ్వాలి. వడ్డీ రాయితీ కేంద్రం సొమ్ము కాబట్టి ఇది రాష్ట్రం ఒక్కటే చేయగలిగే పని కాదు. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో రాష్ట్రం గట్టిగా పట్టుబట్టాలి. నీతి ఆయోగ్ టి. హక్ కమిటీ 2016లో తయారుచేసిన నమూనా కౌలు చట్టంలో కూడా కౌలుదారుకు సంస్థాగత రుణం అందాలన్నది ఒక ప్రధాన ఉద్దేశమే కాబట్టి, అడగడానికి ఆధారం లేకపోలేదు.

ఇంకొకటి, వేళ. గోదావరి కాలువలకు జూన్ మొదట్లో నీళ్ళు వదులుతున్నారు. దాళ్వా మాసూళ్ళవుతూనే, ఏప్రిల్, మే నెలల్లోనే ఊళ్ళలో కౌళ్ళు మాట్లాడుకోవడం అయిపోతుంది. గ్రామసభ జరగాల్సింది అప్పుడు. ఆగస్టులో ఊడ్పులయ్యాక కార్డు చేతిలో పెడితే, విత్తనాలకూ దుక్కికీ తెచ్చిన వడ్డీ అప్పు అప్పటికే నెత్తి మీద ఉంటుంది. ఆకుమడులు పోసేలోగా కార్డూ దాని మీద రుణం మంజూరు కాగితమూ రెండూ కౌలుదారు చేతికి రావాలి.